పాటకి ఎన్ని ఓట్లు వేస్తారు తల్లీ!

పిల్లలు పాటల గురించి వాదించుకుంటూ కూర్చుంటే "ఇదా మీరు పెట్టుకున్న పని, లేచి చదువుకోండి" అని కసురుకునే అమ్మల్లో నేను లేను. ఏ పాట గొప్ప, ఎవరు బాగా పాడారు, ఎందుకు బాగుంది అని ఎంతసేపైనా కొట్టుకోనివ్వండి అంటాను. నా తగాదా అంతా ఓట్లతోనే. ఇష్టాన్ని లెక్కపెట్టడం మొదలయ్యాక పాట వెనక్కిపోయి లెక్క ముందుకొచ్చి కూర్చుంది. ఈ రెండింటినీ కలిపి "ఫ్యాన్స్ పిచ్చి" అని ఒకే గాటన కట్టెయ్యడం అన్యాయం. వాదించుకోవడం పిల్లలకి మంచిదే. ఓట్ల గోలే వాళ్లని తినేస్తోంది.

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. బీటీఎస్ అభిమాని. ఆడపిల్లలున్న ఇళ్లలో ఈ పేరు పరిచయం చెయ్యక్కర్లేదు, లేనివాళ్ల కోసం ఓ ముక్క. దక్షిణ కొరియాకి చెందిన ఏడుగురు అబ్బాయిల బృందం. 2013 జూన్‌లో మొదలైంది. వాళ్ల అభిమానుల్ని ఆర్మీ అంటారు. క్రమశిక్షణ చూస్తే పేరుకి తగ్గట్టే ఉంటారు. మా అమ్మాయికి ఆ ఏడుగురి పుట్టినరోజులూ కంఠతా వచ్చు. మేనత్త పుట్టినరోజు ఎప్పుడంటే మాత్రం నా మొహం చూస్తుంది.

ఆ మధ్య వాళ్లలో ఒకరు విడిగా పాడిన పాట విడుదలైంది. ఆ వారంలోనే ఓ రాత్రి రెండింటికి మంచినీళ్ల కోసం లేచాను. హాల్లో టీవీ కింద సొరుగులోంచి సన్నగా చప్పుడు. బొద్దింకేమో అనుకుని లాగితే మా వారి పాత ఫోను! దానికి ఇయర్‌ఫోన్స్ తగిలించి ఉన్నాయి. పాట మోగుతోంది. వినేవాళ్లెవరూ లేరు. సొరుగులో ఉన్న కరెంటు బిల్లులూ, పాత తాళంచెవులూ, ఓ విరిగిన కళ్లజోడూ వింటున్నాయి.

పొద్దున్న అడిగితే దాపరికం లేకుండా చెప్పింది. దీన్ని స్ట్రీమింగ్ అంటారట. 24 గంటల్లో ఎన్ని వ్యూస్ వస్తే అంత గొప్ప. దానికో నియమావళి కూడా ఉంది, అభిమానులే రాసుకుని పంచుకుంటారు. సౌండ్ పూర్తిగా తీసెయ్యకూడదు, సగానికి పైన ఉంచాలి. అదే పాట వెంటవెంటనే పెట్టకూడదు, మధ్యలో వేరే వీడియోలు రెండు మూడు చూడాలి, లేకపోతే మనిషి కాదు యంత్రం అనుకుని లెక్కలోంచి తీసేస్తారని వాళ్ల నమ్మకం. మా అమ్మ వరలక్ష్మీ వ్రతానికి కూడా ఇన్ని నియమాలు పాటించలేదు.

"మరి నువ్వెప్పుడు విన్నావే ఆ పాట?" అన్నాను.

"మొదటిరోజు విన్నాను కదమ్మా."

ఇది పాట మీద ప్రేమ అంటే నేను ఒప్పుకోను. కూలి పని. ఆ కూలీ కూడా ఎవరూ ఇవ్వరు.

అలాగని ఈ పిల్లలకి పాటంటే ఏమిటో తెలియదనుకుంటే పొరపాటు. వేసవిలో మేడ మీద వడియాలు ఎండబెడుతూ, పక్కన నీడలో కూర్చున్న మా అమ్మాయీ, దాని స్నేహితురాలూ మాట్లాడుకుంటుంటే విన్నాను. రెండు గంటలు! ఒకమ్మాయి 'డైనమైట్' పక్షం. రెండోది, అంటే మాది, 'స్ప్రింగ్ డే' పక్షం. 'డైనమైట్' 2020 ఆగస్టులో వచ్చింది, పూర్తిగా ఇంగ్లీషు పాట. కరోనాతో అందరం ఇళ్లలో బిక్కుబిక్కుమంటూ ఉన్న రోజులవి. అమెరికాలో బిల్‌బోర్డ్ అని వారం వారం ఇచ్చే పాటల జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. ఆ బృందానికి అక్కడ మొదటి స్థానం రావడం అదే మొదలు. 'స్ప్రింగ్ డే' 2017 పాట, కొరియన్‌లో ఉంటుంది. అమెరికాలో అంత గోల చెయ్యలేదు గానీ వాళ్ల దేశంలో ఏళ్ల తరబడి జనం వింటూనే ఉన్నారు. దూరమైనవాళ్ల కోసం ఎదురుచూసే పాట. 2014 ఏప్రిల్‌లో అక్కడ సెవోల్ అనే ఓడ మునిగి 300 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది విహారయాత్రకి బయల్దేరిన స్కూలు పిల్లలు. ఆ పాట వీడియోలో ఆ పిల్లల జ్ఞాపకం ఉందని అభిమానులు చాలామంది నమ్ముతారు.

"మనల్ని నవ్వించడానికి చేసిన పాటని తక్కువ చెయ్యకు, ఆ టైమ్‌లో నవ్వించడమే కష్టం" అంటుంది ఆ పిల్ల. "నవ్వించింది సరే, వాళ్ల భాష వదిలేస్తే గానీ మొదటి ర్యాంకు ఇవ్వలేదు కదా, అది నీకు బాధగా లేదా?" అంటుంది మాది. వడియాలు పెట్టడం ఆపి మరీ విన్నాను. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు. ఇంట్లో "కూర ఎలా ఉంది" అంటే "బాగుంది" తప్ప రెండో మాట రాని పిల్లలు.

నేను బి.ఏ. తెలుగు చదివిన రోజుల్లో మా తరగతిలో పోతనా శ్రీనాథుడా అని ఏడాది పొడుగునా యుద్ధమే. మా మేష్టారు ఒక్కటే షరతు పెట్టేవారు. ఎవరి తరఫున మాట్లాడినా పద్యం చదివి మాట్లాడాలి. ఊరికే "మా కవి గొప్ప" అంటే కూర్చోబెట్టేవారు. పద్యం నోటికి రావాలంటే ముందు రాత్రి కూర్చుని చదవాల్సిందే. చివరికి ఎవరు గెలిచారో నాకు గుర్తులేదు, అసలు తేల్చుకున్నామో లేదో కూడా అనుమానమే. పద్యాలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి నోట్లో.

సరే, ఆ మేడ మీది స్నేహం సంగతి చెప్పాలి. రెండు గంటలు కత్తులు దూసుకున్నా చెక్కు చెదరని ఆ స్నేహం ఓట్ల దగ్గర చెడింది. ఏదో అవార్డుకి ఒక యాప్‌లో ఓట్లు వెయ్యాలి. రోజూ ఉచితంగా కొన్ని ఓట్లు, ప్రకటనలు చూస్తే ఇంకొన్ని, డబ్బులు కడితే బోలెడు. స్నేహితురాళ్లంతా గ్రూపు కట్టి, రోజుకి ఇన్ని అని వంతులు వేసుకుని, వేసినట్టు రుజువుగా స్క్రీన్‌షాట్లు పెడుతున్నారు. యూనిట్ పరీక్షలని మా అమ్మాయి నాలుగు రోజులు వెయ్యలేదు. "నువ్వు నిజమైన ఫ్యాన్‌వి కాదు" అని గ్రూపులోంచి తీసేశారు. తీసేసింది ఎవరో కాదు, ఆ పిల్లే. మా అమ్మాయి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు గానీ, ఆ వయసులో అది చిన్న దెబ్బ కాదని మీకూ తెలుసు. ఇప్పుడు మళ్లీ మాట్లాడుకుంటున్నారు. మేడ ఎక్కడం మాత్రం లేదు.

పాటలకి ఓట్లు కొత్త సంగతేమీ కాదు. బినాకా గీత్‌మాలా గుర్తుందా? మనలో చాలామందికి ఆ టూత్‌పేస్ట్ డబ్బాలో వచ్చే బుల్లి ప్లాస్టిక్ జంతువులు ముందు గుర్తొస్తాయి. 1952 చివర్లో రేడియో సిలోన్‌లో మొదలైంది ఆ కార్యక్రమం. సమాచార మంత్రిగా ఉన్న బి.వి. కేస్కర్‌కి సినిమా పాటలంటే గిట్టక ఆకాశవాణి వాటిని దూరం పెట్టిన కాలం అది. జనం రేడియో ముల్లు సిలోన్ వైపు తిప్పేసుకున్నారు. మనవాళ్లు 1957 అక్టోబరులో వివిధభారతి పెట్టాల్సి వచ్చింది. బుధవారం రాత్రి ఎనిమిదైతే అమీన్ సయానీ గొంతు. మొదట్లో అది బహుమతుల పోటీ, తర్వాత ర్యాంకులు వచ్చాయి. మొదటి మెట్టు, రెండో మెట్టు అని చెప్పేవారు. రికార్డులు ఎన్ని అమ్ముడయ్యాయో చూసేవారు, ఊరూరా ఉన్న శ్రోతల సంఘాల అభిప్రాయమూ తీసుకునేవారు. ఆ సంఘాల్ని తలుచుకుంటే నాకు ముచ్చటేస్తుంది. నలుగురూ ఒకచోట కూర్చుని, విని, వాదించుకుని, అప్పుడు రాయాలి. ఓటుకి ముందు మాట్లాడుకోవడం తప్పదు. అమీన్ సయానీ 2024 ఫిబ్రవరిలో పోయినప్పుడు మా మామయ్యగారు ఆ పూట టీవీ పెట్టనివ్వలేదు.

మన తెలుగులో ర్యాంకుల కన్నా కోరిన పాటలదే రాజ్యం. 15 పైసల కార్డు మీద పాట పేరు, సినిమా పేరు, కింద ఇంటిల్లిపాది పేర్లు. రేడియోలో ఊరి పేరుతో సహా చదివితే ఆ రోజు వీధిలో మనమే గొప్ప. మా ఇంటి కార్డు నాన్నగారే రాసేవారు. ఆయన పేరు, తర్వాత మా ముగ్గురి పేర్లు వరసగా ఉండేవి. అమ్మ పేరు ఉండేది కాదు. అమ్మ ఆ పాటలన్నీ వంటింట్లోంచి వినేది. అమ్మకి ఏ పాట కావాలో కార్డు రాసేటప్పుడు ఎవరూ అడిగినట్టు నాకు జ్ఞాపకం లేదు. ఇది మా ఒక్క ఇంటి కథేనంటారా?

సెల్‌ఫోన్లు వచ్చాక ఓటుకి ధర వచ్చింది. 2006లో ఇండియన్ ఐడల్‌లో మన కారుణ్య చివరిదాకా వెళ్లినప్పుడు మా వీధిలో ప్రతి ఇంట్లో అదే పని. మామూలు మెసేజ్ కన్నా ఖరీదైన మెసేజ్‌లు. ఒక్కొక్కరు ఇరవై, ముప్పై పంపించేవారు. చివరికి బికనీర్ అబ్బాయి సందీప్ ఆచార్య గెలిచాడు. మనం ఓడిపోయామని బాధపడ్డాం గానీ, ఆ రాత్రి వాళ్లిద్దరూ ఎలా పాడారో ఎవరైనా మాట్లాడుకున్నామా? ఎన్ని మెసేజ్‌లు పంపామనే మాట్లాడుకున్నాం. 2010లో శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ గెలిచినప్పుడు స్వీట్లు పంచుకున్నాం. అప్పుడూ లెక్కల కబుర్లే.

ఇక కొరియాలో జరిగింది వింటే ఈ లెక్కల మీద ఉన్న కాస్త నమ్మకం కూడా పోతుంది. 'ప్రొడ్యూస్ 101' అని ఎంనెట్ టీవీ ఛానల్లో పెద్ద పోటీ నడిచేది. పాడే, ఆడే కుర్రకారులోంచి చూసేవాళ్లే ఓట్లేసి ఒక బృందాన్ని తయారుచెయ్యాలి. ప్రేక్షకుల్ని "జాతీయ నిర్మాతలు" అని పిలిచేవారు. ఎంత పెద్ద బిరుదో చూడండి! చివరి రోజు మెసేజ్ ఓటుకి 100 వాన్లు. 2019 జులైలో నాలుగో విడత ఫలితాలు వచ్చాక అభిమానులు కూర్చుని లెక్కలు చూశారు. ఒక ర్యాంకుకీ తర్వాతి ర్యాంకుకీ మధ్య ఓట్ల తేడా 29,978. ఇంకో రెండు ర్యాంకుల మధ్య కూడా అంతే. మరోచోటా అంతే. అదే అంకె మళ్లీ మళ్లీ వచ్చింది. గొడవ పెట్టారు, పోలీసులు వచ్చారు. నాలుగు విడతల్లోనూ ఫలితాలు తారుమారు చేశారని తేలింది. ఆ కార్యక్రమం నిర్మాతకి 2020 మేలో రెండేళ్ల జైలుశిక్ష పడింది. పిచ్చివాళ్లని మనం తీసిపారేసే ఆ అభిమానులే కాగితం, పెన్సిలు పట్టుకుని దొంగని పట్టించారు. ఆ తెలివిని మెచ్చుకోవాల్సిందే. ఆ పిల్లలు నెలల తరబడి డబ్బు కట్టి వేసిన ఓట్లకి మాత్రం విలువే లేకపోయింది.

చైనాలో సంగతి ఇంకో రకం. 2021 మేలో అక్కడ ఇలాంటి పోటీకే పాల కంపెనీ ఒకటి ఖర్చు పెట్టింది. పాలసీసా మూత లోపల కోడ్ ఉంటుంది, అది కొడితే ఓటు. అభిమానులు పెట్టెలు పెట్టెలు కొన్నారు. మూతలు తీసుకుని, కూలికి పెట్టుకున్నవాళ్లచేత పాలు కాలవలో ఒంపించేశారు. ఆ వీడియో బయటికొచ్చి దేశమంతా ఛీ అంది. చివరి పోటీ ఆగిపోయింది. పాలు పొంగితే పొయ్యి తుడుచుకుంటూ రోజంతా బాధపడే మనకి ఆ దృశ్యం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

అయితే ఆగండి. పాలు ఒలకబొయ్యడం మనకి మాత్రం కొత్తా? హీరోల కటౌట్ల మీద క్యాన్లకొద్దీ పాలాభిషేకాలు చెయ్యడం మనం చూడని సంగతా? టీజర్‌కి 24 గంటల్లో ఎన్ని లక్షల వ్యూస్ అని మన కుర్రాళ్లు రాత్రంతా మేలుకుని కొట్టుకోవడం లేదూ? దాన్ని "అభిమానం" అంటాం. టీవీలో చూపిస్తారు. అదే ఆడపిల్ల గదిలో ఏడుగురు కొరియా అబ్బాయిల పోస్టరు పెట్టుకుంటే "దీనికి పిచ్చి పట్టింది, సంబంధాలు ఎలా వస్తాయి" అంటారు. మా బంధువుల్లో ఒకావిడ నా ముందే అంది. వాళ్ల అబ్బాయి సినిమా మొదటి ఆటకి తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లి చొక్కా చింపుకుని వచ్చినవాడే. తప్పని చెప్పాలంటే ఇద్దరికీ చెప్పాలి. ఆడపిల్ల "ఇది నాకు ఇష్టం, ఎందుకంటే ఇదిగో" అని గొంతెత్తి చెప్పగలిగే చోట్లు ఎన్ని ఉన్నాయని? బట్టల దగ్గర అడగరు, చదువు దగ్గర అడిగీ అడగనట్టు అడుగుతారు. పాట దగ్గరైనా చెప్పనివ్వండి. చెప్పడం అలవాటైతే రేపు ఇంకోచోట చెబుతుంది.

యూరప్‌లో యూరోవిజన్ అని 1956 నుంచి దేశాల మధ్య పాటల పోటీ జరుగుతోంది. దాంట్లో నాకు నచ్చిన నియమం ఒకటుంది. ఏ దేశం వాళ్లూ తమ దేశం పాటకి ఓటు వెయ్యకూడదు. పక్కవాళ్ల పాట వినాల్సిందే! ఎవరి సాంబారు వాళ్లు మెచ్చుకోవడంలో గొప్పేముంది, పక్కింటి గిన్నెలో గరిట పెడితే తెలుస్తుంది.

ఆ నియమం మా ఇంట్లో పెట్టాను. ఆదివారం భోజనాలయ్యాక తలా ఒక పాట. ఎందుకు ఇష్టమో రెండు మాటలు చెప్పాలి. మా మేష్టారి షరతు ప్రకారం "బాగుంటుంది" అంటే చెల్లదు, ఎక్కడ బాగుందో అక్కడ మళ్లీ వినిపించాలి. చీటీ మీద ఒక్క ఓటు. సొంత పాటకి వెయ్యకూడదు. మామయ్యగారు మొదట్లో చాలా చిన్నబుచ్చుకున్నారు. ఘంటసాల పాట పెట్టాక మళ్లీ పోటీ ఏమిటని ఆయన వాదన. ఆ వారం ఆయనకి రెండు ఓట్లే వచ్చాయి. సాయంత్రం దాకా మాట్లాడలేదు.

అత్తయ్యగారు మొదటి రెండు వారాలూ పాటే పెట్టలేదు. "నాకేముందమ్మా, మీరు పెట్టినవే బాగున్నాయి" అన్నారు. ఆ ఇంట్లో రేడియో ఎప్పుడూ మామయ్యగారి చేతిలోదే, ఆయన వార్తలు, ఆయన ఘంటసాల. మూడో వారం నా పక్కకి జరిగి మెల్లగా "జిక్కి పాటలు దొరుకుతాయా ఆ ఫోనులో?" అన్నారు. దొరికింది. పెట్టాం. ఆవిడ ఎడంచేత్తో తొడ మీద తాళం వేస్తూ మొత్తం పాడేశారు, ఒక్క మాట తప్పు పోకుండా. మామయ్యగారు వార్తాపత్రిక దించి "నీకు జిక్కి ఇష్టమా?" అన్నారు. పెళ్లయి 52 ఏళ్లు. "అడిగితే కదా" అన్నారావిడ.

ఆ రోజు అత్తయ్యగారి ఓటు 'స్ప్రింగ్ డే'కి పడింది. "భాష తెలియదు గానీ, ఎవరో రావలసినవాళ్లు రాలేదని తెలుస్తోంది" అన్నారు. మా అమ్మాయి చీటీ మాత్రం చూపించలేదు. జిక్కికే వేసిందని నా అనుమానం.

పాత ఫోను నా బీరువాలో ఉంది. తను స్వయంగా వింటానంటే ఎన్నిసార్లైనా పెట్టుకోమన్నాను, సొరుగులకి వినిపించడం మాత్రం కుదరదన్నాను. మొహం ముడుచుకుంది. దాని పాటకి వ్యూస్ తక్కువొస్తే అందులో నా పాపం కొంత ఉందట. ఉండనీ. డబ్బు కట్టి ఓట్లు కొనే యాప్ తీసేయించాను, దాని గురించి బేరాల్లేవు. మేడ మీది స్నేహితురాలిని ఈ ఆదివారం భోజనానికి పిలవమన్నాను. ఇంకా పిలవలేదు, "చూస్తానులే" అంది.

ఈసారి వాన పాటలు అనుకున్నాం. మామయ్యగారు ఇప్పటికే మూడు రాసి పెట్టుకున్నారు. అత్తయ్యగారు తన పాట ఎవరికీ చెప్పడం లేదు. మా వారే ఇంకా ఏదీ తేల్చుకోలేదు, రోజూ ఆఫీసుకెళ్తూ చెప్పులు వేసుకుంటూ ఏదో ఒకటి కూనిరాగం తీసి "ఇదెలా ఉంటుంది?" అంటున్నారు.